జడలో ఆరేళ్ళు

రెండు నోళ్ళ సరస్సు
12 జనవరి 1986

వెర్నా తల్లీ,

ఇరవై రెండేళ్ళ కిందట మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. “బావా, నువ్వు ఉచ్చులు చూసుకుని తిరిగొచ్చి కంపెనీ తెచ్చిన ఆ ఆనకట్ట ఒప్పందం కాయితం చదివి వినిపించేదాకా నేను కలం ముట్టుకోను” అన్నాడు. అప్పుడు ఊరిపెద్ద అతను, ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేను. తొమ్మిది రోజులకి అడవి నుంచి వచ్చేసరికి సంతకం ఆరిపోయి ఉంది. ఆ ఆనకట్ట కాంక్రీటు మీద లేదు, ఆ సంతకం మీద ఉంది.

సంతోషపడాల్సిన రోజున ఈ పాత గొడవ ఎందుకంటావా? నీ ఉత్తరం చివర “నాన్న కూడా నిన్ను అడిగానని చెప్పమన్నాడు” అని రాశావు. ఆ అడగడమేదో ఇరవై రెండేళ్ళ కిందట అడగాల్సిందని చెప్పు.

ఇక సంతోషం. ఉత్తరం చేతికొచ్చిన పావుగంటలో కొట్టు దగ్గర ఫిలొమీన్ ముసలమ్మకి తెలిసిపోయింది. “మీ ఫ్లోరా కూతురికి నెల తప్పిందటగా. ఆ మొగుడు పట్నంవాడు, చేప ముల్లు తీయడం వస్తుందా వాడికి?” అంది. “పెళ్ళాం నేర్పుతుందిలే” అన్నాను. “నువ్వు పెళ్ళి చేసుకోలేదు కాబట్టి అలా అనుకుంటున్నావు” అంది.

మర్నాడే మంచుకి కన్నం చేసి వల లాగాను. జాక్ చేప పడింది, రెండు మూరల పైనే. ఇంత పెద్దది పడితే ఎవరికి వెళ్ళాలో నీకు చెప్పక్కర్లేదు. ముందు కడుపుతో ఉన్నవాళ్ళకి, తర్వాత ముసలివాళ్ళకి. పొగబెట్టి, తల విడిగా చుట్టి, శుక్రవారం విమానంలో వేశాను. తల నువ్వే తిను, బుగ్గ కండ, కళ్ళ వెనక కొవ్వు అన్నీ. మీ అమ్మ నీకోసం అలాగే తింది. మీ నాన్నకి ముల్లు కూడా పెట్టకు.

నీళ్ళు పెరిగి పదహారేళ్ళయింది. నా ఉచ్చుల దారి మునిగింది. మా నాన్న సమాధి మునిగింది. ఒడ్డున నిలబడి కుళ్ళిన చెట్లు ఇప్పటికీ వలలు చింపుతున్నాయి. కంపెనీ తరఫున వచ్చిన ఆ గ్లౌజులవాడు, చేతులు కలిపేటప్పుడు కూడా గ్లౌజులు తీయనివాడు, చెప్పిన పన్నెండు మాటల్లో నిజమైంది ఒక్కటే: “చేపలు ఇంకా బలుస్తాయి.” బలిశాయి. కాబట్టి తిను.

మళ్ళీ రోమ్ చరిత్ర మూడో సంపుటం మొదలుపెట్టాను. చర్చి ఫాదర్ వెళ్ళిపోతూ వదిలిన పుస్తకాల్లో ఆ చరిత్ర ఒక్కటే ఎలుకలు ముట్టలేదు. వాటికి రుచి తెలుసు.

నీ మామయ్య
గిడియన్

*

విన్నిపెగ్
9 ఫిబ్రవరి 1986

మామయ్యా,

మూట అందింది. వంటింట్లో విప్పేసరికి పక్క వాటా ఆవిడ వచ్చి “ఏదైనా తగలబడుతోందా?” అని అడిగింది. “కాదండీ, మా ఊరు” అన్నాను.

తల మొత్తం నేనే తిన్నానని అబద్ధం రాయలేను. ఒక బుగ్గ నాన్నకిచ్చాను. నాన్న దాన్ని పళ్ళెంలో చాలాసేపు చూసి, “గిడియన్ పొగ ఇది. ఆల్డర్ కట్టె ఎక్కువ పెడతాడు, మొండివాడు” అన్నాడు. తర్వాత తినేశాడు.

నాన్న సంగతి చెప్పాలి. మంచు పడకముందు ఊరి నుంచి విమానంలో నా దగ్గరికొచ్చినప్పటి నుంచీ చేతులు వణుకుతున్నాయి. టీ కప్పు సగమే పోస్తున్నాను. నడుస్తూ తలుపు చట్రానికి కుడి భుజం కొట్టుకుంటాడు, అటుపక్కనున్నది కనపడనట్టు. పెదాల చుట్టూ తిమ్మిరి అంటాడు. ఆసుపత్రిలో నేను నర్సు చదువు చదివే వార్డుకే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మొదట అందరిలాగే “తాగుతారా?” అంది. ఊరు పేరు చెప్పేసరికి ప్రశ్న మారింది. “ఏం తింటారు? చేప ఎంత పెద్దది? ఎక్కడిది?” అని అడిగి రాసుకుంది. నాన్న జుట్టు కొంచెం కత్తిరించింది. ఒకే కుండలో తింటాం కాబట్టి నాది కూడా వచ్చే నెల ఇమ్మంది. వెంట్రుకలో చూస్తే ఏం తిన్నామో తెలుస్తుందట.

నీకు నచ్చదని తెలుసు. మన ఇంట్లో దువ్వెనలో మిగిలిన వెంట్రుక కూడా పొయ్యిలోనే వేయాలని నేర్పింది నువ్వే.

నిన్న రాత్రి మొదటిసారి బిడ్డ కదిలింది. వల తాడు మీద చిన్న చేప తగిలినట్టు.

నీ వెర్నా

*

రెండు నోళ్ళ సరస్సు
8 మార్చి 1986

వెర్నా,

జుట్టు ఇవ్వకు.

ఇంకొకరి చేతికి జుట్టిస్తే ఏమవుతుందో మా అమ్మమ్మ చెప్పిన కథలు నేను నమ్మను, చదువుకున్నవాణ్ణి. నేను నమ్మేది కంపెనీని. వాళ్ళు ముందు నేల అడిగారు, తర్వాత నీళ్ళు అడిగారు, ఇప్పుడు డాక్టరమ్మని పంపి తల మీద జుట్టు అడుగుతున్నారు. అదెవరి జీతం తింటోందో కనుక్కున్నావా?

మీ నాన్న చేతులు వణకడానికి వెంట్రుకలు కోయక్కర్లేదు. నన్నడిగితే విమానం ఛార్జీ మిగిలేది. సీసాలు లెక్కపెట్టండి.

చేప మీద అనుమానమంటావా, అదీ పాత పాటే. ఎనిమిదేళ్ళ కిందట కొట్టు వరండాలో ఒక పోస్టరు అంటించారు. పెద్ద జాక్ చేపలు తినకండి, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు తినకండి అని. అందరూ గుంపుగా చేరి “ఏం రాశారు, గిడియన్?” అని అడిగారు. కింద సంతకం చూశాను. గ్లౌజులవాడిది. ఆ తర్వాత రెండో వాక్యం చదవలేదు. “చేపలు మనవి కావని మనచేతే అనిపించే ఎత్తు ఇది. మనం తినడం మానేస్తే పోయిన వలలకి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు కదా” అని చెప్పి, చించి, అక్కడే పొయ్యిలో వేశాను. జనం చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు చప్పట్లు పడింది ఆ ఒక్కసారే.

విషం తిన్న చేప ఎలా ఉంటుందో నాకు తెలుసు. బక్కగా ఉంటుంది, పొలుసు ఊడుతుంది, పక్కకి తేలుతుంది. ఇవి దుంగల్లా ఉన్నాయి. రోమన్లు సీసం గొట్టాల్లో నీళ్ళు తాగి చెడిపోయారని చదివాను. వాళ్ళు గొట్టాల లోపల చూడలేదు. నేను నా చేపల్ని కళ్ళారా చూస్తున్నాను.

ఇంకో రెండు పంపుతున్నాను. ఒకటి జనవరి దానికంటే పెద్దది. ఒకటి మీ నాన్నకి. ఎందుకని అడక్కు. ఫిలొమీన్ తిట్టింది.

మామయ్య

*

విన్నిపెగ్
26 ఏప్రిల్ 1986

మామయ్యా,

మంచు కరుగుతోంది, విమానాలు ఆగిపోతాయి, ఈ ఉత్తరం నీకు ఎప్పుడు అందుతుందో తెలియదు. అందుకే సూటిగా రాస్తున్నాను.

మార్చి చివర జుట్టు ఇచ్చాను. వెంట్రుక నెలకి చిటికెన వేలి గోరంత పెరుగుతుంది. మొదలు దగ్గర నుంచి గోరంత, గోరంత ముక్కలు కోసి, ఒక్కో ముక్కలో పాదరసం ఎంతుందో కొలుస్తారు. ఆరు దాటకూడదట. నవంబరు ముక్కలో అయిదు. జనవరిలో తొమ్మిది. ఫిబ్రవరిలో పదహారు. మార్చిలో పందొమ్మిది.

నీ ఉత్తరాలు బల్లమీద పరిచి తేదీలు చూశాను. నీకు పరచక్కర్లేదు, నీకు గుర్తుంటాయి.

నా జుట్టు నడుము దాకా కదా, డాక్టరమ్మ కింది దాకా చూసింది. ఊరికొచ్చిన ప్రతి వేసవీ అందులో ఉంది. వచ్చిన నెల పెరుగుతుంది, తిరిగొచ్చాక తగ్గుతుంది. నేను నిన్ను చూడ్డానికి ఎన్నిసార్లు వచ్చానో లెక్క ఆవిడ దగ్గర ఉంది.

మునిగిన నేలలో చెట్లూ ఆకులూ కుళ్ళినప్పుడు మట్టిలోని పాదరసం చేపల్లోకి పోయే రూపానికి మారుతుందట. పురుగుని చిన్న చేప, చిన్న చేపని పెద్ద చేప తింటాయి. ఎంత పెద్దదైతే, ఎంత వయసుదైతే అంత ఎక్కువ. చేపకేమీ కాదు. బలంగా, నున్నగా ఉంటుంది. తిన్న తల్లికి కూడా ఒక్కోసారి ఏమీ తెలియదు. కడుపులో బిడ్డ మెదడుకి చేరుతుంది.

నాన్నది నలభై ఒకటి. నాన్న మందు ముట్టి పదకొండేళ్ళయింది మామయ్యా. నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఊరిపెద్దగా ఉన్నన్నాళ్ళూ ప్రతి వలలోంచీ పెద్ద చేప ఆయన ఇంటికే వచ్చేది.

ఇప్పుడు తినడం మానేశాను. మానేస్తే నెలనెలా తగ్గుతుందట. జులైలో కాన్పులోగా ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న. నువ్వు పోయిన వారం పంపిన మూడో మూట విప్పలేదు. అలాగే డాక్టరమ్మకిచ్చాను.

వెర్నా

*

రెండు నోళ్ళ సరస్సు
30 మే 1986

వెర్నాకు,

నీ ఉత్తరం నాలుగు వారాలు మంచు వల్ల దారిలో ఉండిపోయింది. ఇంకో నాలుగు వారాలు ఉన్నా నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

ఇంటికొచ్చిన చేపని విప్పకుండా పరాయివాళ్ళకివ్వడం మన దగ్గర దేనికి గుర్తో నీకు తెలుసు. చుట్టరికం వద్దనుకున్నవాళ్ళు చేసే పని. నీకు విషం పెట్టానంటున్నావు. సరే. ఇక పంపను.

ఒక్క సంగతి అడుగుతాను. అంకెలు చూసే డాక్టరమ్మని కాదు, మీ నాన్నని అడుగు. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? ఆ చెట్లు ఎందుకు మునిగాయి? తొమ్మిది రోజులు ఆగివుంటే నేను ఆ కాయితంలో ప్రతి గీతా చదివేవాణ్ణి, ప్రతి గీత దగ్గరా బేరమాడేవాణ్ణి, అయిదేళ్ళు ఆపేవాణ్ణి. ఆగలేదు. బదులుగా కొత్త పడవ మోటారు వచ్చింది. సంతకం పెట్టినవాడి పెళ్ళాం కాబట్టి మీ అమ్మని కంపెనీ విమానంలో ఆసుపత్రికి తీసుకెళ్ళి మర్యాద చేశారు. సంతకం ముందు, మర్యాద తర్వాత. ఊరంతా చూసింది. నీ వెంట్రుకలో పందొమ్మిది ఎవరు పెట్టారో మీ నాన్నని అడిగి రాయి.

గిడియన్

*

విన్నిపెగ్
19 జూన్ 1986

మామయ్యా,

అడిగాను. నీ ఉత్తరం చదివి వినిపించి మరీ అడిగాను. నాన్న, “వాడికి ఇది ఎప్పుడూ చెప్పనని మీ అమ్మకి మాటిచ్చాను. రెండో మాట కూడా తప్పమంటావా?” అన్నాడు. నేను నా పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. తర్వాత చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నువ్వు అడవికెళ్ళిన ఆరో రోజు అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులైనా నేను రాలేదు. అడ్డం తిరిగానట. మంత్రసాని సోఫీ ముసలమ్మ చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, “ఇది నా చేతిలో లేదు, ఆల్బన్. విమానం కావాలి” అంది. మంచు మీద ఒకే విమానం ఉంది, కంపెనీది. నాన్న పరిగెత్తుకెళ్ళాడు. గ్లౌజులవాడు మర్యాదగా విన్నాడట. కుర్చీ కూడా వేశాడు.

“తప్పకుండా. అయితే ఇంజను వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఈలోగా మన పని ముగించుకుందాం” అన్నాడు.

“మా బావ రావాలి. వాడు చదవాలి.”

“మీ బావ వచ్చేదాకా నేను ఉండగలను. ఆవిడ ఉండగలరా?”

నాన్న తలుపు వైపు చూస్తే, పైలట్ ఇంకా ఇంజను దగ్గరికి వెళ్ళనే లేదట. పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లౌజులవాడు గ్లౌజు తీయకుండానే కలం అందించాడట. సంతకం అయ్యాక పైలట్ లేచాడు. పడవ మోటారు మర్నాడు ఒడ్డున పెట్టి వెళ్ళారు. నాన్న దాన్ని ఒక్కసారీ వాడలేదు, షెడ్డులో తుప్పుపట్టింది. అది నువ్వూ చూశావు.

నన్ను పట్నంలో కోసి తీశారు. అమ్మకి తెలివి రాగానే అడిగిన మొదటి మాట: “అన్నయ్యకి తెలుసా?” తెలియదంటే, “చెప్పకు. నా మొహం చూసినప్పుడల్లా మన నేల నా కడుపుకి మారకం పోయిందని వాడికి గుర్తొస్తుంది. నిన్ను తిట్టుకోనీ, నన్ను చూసి నవ్వనీ” అంది. అందుకని నాన్న ఇరవై రెండేళ్ళు తిట్లు తిన్నాడు.

నాకు నీమీద కోపం లేదు మామయ్యా. మూట విప్పలేదు, ఎందుకంటే విప్పితే తినేసేదాన్ని.

ఇంకొకటి. సెప్టెంబరులో ఇక్కడ విచారణ జరుగుతుంది. కంపెనీ లాయరు అనేది ఒకటే: “ఆ చేపల్లో పాదరసం ఎప్పుడూ ఉంది. ఆనకట్టకి ముందు లేదని రుజువేది?” డాక్టరమ్మ తల పట్టుకుంది. నీళ్ళు పెరగకముందటి మన ఊరివాళ్ళ జుట్టు ఎవరి దగ్గరుంటుంది? కాల్చేస్తాం కదా.

నా ఏప్రిల్ ముక్క పదిహేడు. మే ముక్క పదమూడు.

వెర్నా

*

రెండు నోళ్ళ సరస్సు
30 ఆగస్టు 1986

వెర్నా తల్లీ,

ఆడపిల్ల పుట్టిందని రేడియో ఫోనులో నర్సింగ్ స్టేషనుకి కబురొచ్చింది. మూడున్నర కిలోలని, వేలు పట్టుకుంటే వదలడం లేదని చెప్పారు. నడిచి, మాట్లాడేదాకా గట్టిగా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అన్నదట. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. తెలియనిది తెలియదని చెప్పేవాళ్ళు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. పిల్ల నడుస్తుంది. మన వంశంలో ముందు మాటలు, తర్వాత నడక. ఆలస్యమైతే కంగారు పడకు, నేను రెండేళ్ళకి నడిచాను. నా నోరు మాత్రం ఏడాదికే లేచింది.

నీ జూన్ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి ముందు కొన్ని పనులు చేయాల్సి వచ్చింది.

మొదటిది. నర్సుని అడిగి ఆ పాత పోస్టరు ప్రతి ఒకటి తెప్పించాను. ఈసారి రెండో వాక్యం చదివాను. మూడోది, నాలుగోది కూడా. నువ్వు ఏప్రిల్లో రాసిందంతా అందులో ఉంది. కొట్టు వరండాలో అందర్నీ పిలిచి, నేను చించిన చోటే నిలబడి మన భాషలో చదివాను. ఫిలొమీన్ అంతా విని, “ఎనిమిదేళ్ళ కింద చించింది ఇదేనా?” అంది.

“ఇదే.”

“అప్పుడు అబద్ధమన్నావు.”

“అప్పుడు నేను పొరపాటు పడ్డాను.”

“ఆ మాట నీ నోట వినడానికే దేవుడు నన్ను ఇన్నాళ్ళు ఉంచాడేమో” అంది. ఆమె చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి. ఎన్నాళ్ళుగా వణుకుతున్నాయో నేను చూడలేదు. చలి అనుకున్నాను.

కొత్త పద్ధతి పెట్టాం. కడుపుతో ఉన్నవాళ్ళకి, ముసలివాళ్ళకి జానెడు తెల్లచేప, అదీ పై వాగుది, నీళ్ళు ఎక్కని వాగుది. పెద్ద జాక్ చేప పడితే గొయ్యి తీసి పాతిపెట్టాలి, కుక్కలకి కూడా వేయకూడదు. వినడానికి తేలిక. మొదటి రోజు ఫిలొమీన్ గుమ్మంలో జానెడు చేప పెట్టాను. “ఇదా? నేనేం పాపం చేశాను?” అంది. పెద్ద చేప పెట్టినన్నాళ్ళు మర్యాద చేశామనుకున్నాం. ఇప్పుడు ప్రాణం కాపాడుతుంటే అవమానం చేసినట్టుంది. ఇద్దరు ముసలివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ళకి రోజూ చేప పెడుతూనే ఉన్నాను. మాటలు లేకపోయినా తింటున్నారు.

రెండోది. ఈ మూటలో చేప లేదు, విప్పు. మీ అమ్మ జడ ఉంది.

పోయేముందు ఫ్లోరా దాన్ని తనే కోయించుకుని నా చేతిలో పెట్టి, “నేను వెళ్ళాక కాల్చెయ్, అన్నయ్యా” అంది. కాలుస్తానని మాటిచ్చాను. పొయ్యి ముందు కూర్చున్నాను, తలుపు తెరిచాను, మూసేశాను. పన్నెండేళ్ళుగా పెట్టెలో, రోమ్ చరిత్ర రెండో సంపుటం కింద ఉంది. మీ నాన్న మాట తప్పాడని ఊరంతా వినేలా తిడుతూ, ఇంటికొచ్చి ఆ పెట్టె మీదే కూర్చుని టీ తాగేవాణ్ణి.

కొలిచాను. ఒకటిన్నర మూరలు. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం ఆరేళ్ళు. కొన నుంచి మొదలుపెడితే 1968. మొదలు దగ్గర 1974. ఆనకట్ట గేట్లు మూసింది 1969 శరదృతువులో. అంటే నీళ్ళు పెరగకముందు ఏడాది కూడా మీ అమ్మ తల మీద ఉంది. డాక్టరమ్మకియ్యి. గోరంత, గోరంత కోయమను. ముందు ఎంత ఉందో, తర్వాత ఎంత పెరిగిందో లాయరు ముందు పరచమను. “ఎప్పుడూ ఉంది” అన్నవాడు దాన్ని చూసి మళ్ళీ అనమను. సగం వాళ్ళు తీసుకోవచ్చు, సగం నీకు. నీ సగం కాల్చు. నువ్విచ్చిన మాట కాదు అది, నేనిచ్చినది, కానీ నీ చేతులు నాకంటే గట్టివి.

మూడోది మీ నాన్న. అతనికి నేను రాయను. ఇరవై రెండేళ్ళు తిట్టినవాణ్ణి ఒక్క ఉత్తరంలో బతిమాలడం ఇద్దరికీ సిగ్గు. సెప్టెంబరు 15న విచారణకి వస్తున్నాను, విమానం టికెట్టు కొన్నాను. ఆ రాత్రి మీ ఇంట్లోనే ఉంటాను. ఆల్డర్ పొగ ఎక్కువ పెడతానన్నాడట కదా. పై వాగు తెల్లచేప ఒకటి తెస్తాను, జానెడుది, పొగ తగ్గించి. తలుపు చట్రాల దగ్గర నా భుజం పట్టుకోమను. నేను అతనికి కుడిపక్కన నడుస్తాను, అటే కనపడదని రాశావు కదా.

అతను చెప్పనందుకు మాత్రం కోపం ఉంది. చెప్పివుంటే ఆ మోటారు తుప్పుపట్టక ముందే సరస్సులో తోసేవాళ్ళం, ఇద్దరం కలిసి.

నన్ను నేను తిట్టుకుంటానని నువ్వు భయపడుతున్నట్టున్నావు. చేప పంపింది నా చెయ్యే, పోస్టరు చించింది నా చెయ్యే, ఆ రెండూ విచారణలో నేనే చెబుతాను, ఎవరూ అడక్కముందే. కానీ ఒక మనిషి నీళ్ళ గురించి పదకొండు అబద్ధాలు చెప్పి, నా చెల్లెలి నొప్పుల మధ్య ఇంజను ఆపి కలం అందించి, పద్నాలుగేళ్ళ తర్వాత అదే సంతకంతో ఒక నిజం అంటిస్తే, దాన్ని ఎవరు నమ్మాలి? నిజాన్ని కూడా వాడు పాడుచేశాడు. నా కోపం తగ్గలేదు తల్లీ, ఇరవై రెండేళ్ళు చిరునామా తప్పింది, అంతే. ఇప్పుడు సరిచేశాను.

పిల్ల వేలు పట్టుకుంటుందన్నారు. నా వేలు సిద్ధంగా ఉంచుతాను.

మీ మామయ్య
గిడియన్

తా.క. విచారణవాళ్ళు పంపిన ఫారం నింపి ఈ కవరులోనే పెట్టాను, వాళ్ళకి అందజెయ్యి. “మీ ఫిర్యాదు ఎవరి మీద?” అన్న గడిలో కంపెనీ పేరు రాస్తే చాలని నర్సు చెప్పింది. కంపెనీకి చేతులుండవు, గ్లౌజులు అక్కర్లేదు. ఒప్పందం కింద, పోస్టరు కింద ఉన్న సంతకం మళ్ళీ చూసి, అక్షరం పొల్లుపోకుండా రాశాను: క్లిఫర్డ్ ఆర్థర్ పెల్.